జనవరి నుంచి మే వరకు బెల్టు మార్పించుకున్నవాళ్లకు

నా దగ్గర పాత వాక్‌మన్‌లు, చేతి రికార్డర్లు బాగు చేయించుకున్నవాళ్లందరికీ నమస్కారం. అసలు విషయం ముందే చెప్పేస్తాను. జనవరి నుంచి మే వరకు నేను బెల్టు మార్చి ఇచ్చిన 41 సెట్లలో పడింది నాసిరకం బెల్టు. బెల్టు అంటే మోటారు తిరుగుడును టేపు నడిపే చక్రాలకు అందించే సన్నటి రబ్బరు పట్టీ. మీ సెట్ ఇప్పుడు బాగానే పాడుతున్నా సరే, తిరిగి పంపండి. మళ్లీ చేసి ఇస్తాను. పైసా తీసుకోను, రానూపోనూ కొరియర్ ఖర్చు కూడా నాదే.

జూన్‌లో ఒక కస్టమర్ ఫోన్ చేసి, "పాట మధ్యలో వయొలిన్ వణుకుతోందండీ" అన్నారు. ఆయనది టీపీఎస్-ఎల్2. 1979లో వచ్చిన మొట్టమొదటి వాక్‌మన్ అది, ఇద్దరు కలిసి వినడానికి రెండు హెడ్‌ఫోన్ జాక్‌లు ఉంటాయి. "క్యాసెట్ పాతదై ఉంటుంది, ఇంకోటి వేసి చూడండి" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన చెవే కరెక్టు.

సెట్ రాగానే 3,000 హెర్ట్జ్ టెస్ట్ టేపు పెట్టాను, అంటే వేగం కొలవడానికి ఒకే స్థాయి కూత రికార్డు చేసిన టేపు. స్క్రీన్ మీద అంకె 3,000 దగ్గర నిలబడాలి. అది 2,940కి జారి, 2,990కి ఎక్కి, మళ్లీ జారుతోంది. నేను పంపిన రోజు ఇదే సెట్ 3,004 చూపించినట్టు నా పుస్తకంలో రాసి ఉంది. బెల్టు తీసి, అదే ప్యాకెట్‌లోని కొత్త బెల్టు పక్కన బల్ల మీద పరిచాను. నాలుగు నెలల్లోనే కంటికి తెలిసేంత సాగిపోయింది. అయినా ఒక్కదాన్ని చూసి నింద వేయకూడదని, వాడని బెల్టులు ఐదు తీసుకుని చెక్క మీద మేకులు కొట్టి, సెట్లో ఉండేంత బిగువుతోనే మూడు వారాలు ఉంచాను. నాలుగు మళ్లీ మామూలు కొలతకు రాలేదు.

ఏళ్ల తరబడి ఒక్కరి దగ్గరే బెల్టులు కొన్నాను. ఫోటోలు పంపితే, "మీరు ఎక్కించడంలోనే తేడా వచ్చి ఉంటుంది" అని జవాబు. ఆ మాట ఇంకా మింగుడు పడలేదు. ఈ సెట్లలో పాత బెల్టు కరిగి తారులా మారిపోయి ఉంటుంది. ఫ్లైవీల్ అనే బరువైన చక్రం అంచున, మోటారు పుల్లీ గాడిలో అతుక్కున్న ఆ నల్లటి జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో గంటసేపు తుడుస్తాను. వేళ్ల నలుపు రెండు రోజులు పోదు. ఆ జిగురు పూర్తిగా పోకుండా నేను ఒక్క బెల్టు కూడా ఎక్కించలేదు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు, తయారీదారును మార్చామని. నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా? ఉచితంగా ఇంకో ప్యాకెట్ పంపుతామన్నారు. వద్దన్నాను. ఇక వాళ్ల దగ్గర కొనను.

అందరినీ వెనక్కి పిలవాలా, ఫిర్యాదు చేసినవాళ్లకే సరిచేయాలా అని పది రోజులు నిద్ర పట్టలేదు. ఖర్చొక్కటే కాదు నా టెన్షన్. నలభై ఏళ్ల నాటి ప్లాస్టిక్ కొక్కేలు, వెంట్రుకల్లాంటి వైర్లు, అరిగిన స్క్రూ తలలు. అలాంటి సెట్‌ను ఏడాదిలో రెండోసారి విప్పడం నాకు ఇష్టం లేదు. బాగా పాడుతున్నదాన్ని నా చేతులతో నేనే పాడుచేస్తానేమో అనిపించింది. ఇదే పని చేసే స్నేహితుడు కూడా కదపొద్దనే అన్నాడు.

చివరికి సెట్ గురించి కాక టేపు గురించి ఆలోచించాను. బెల్టు జారి, పాడిన టేపును చుట్టుకునే టేకప్ రీల్ ఆగిపోయి, టేపును ముందుకు లాగే క్యాప్‌స్టన్ అనే ఇరుసు మాత్రం తిరుగుతూ ఉంటే టేపు ఆ ఇరుసుకు చుట్టుకుని నలిగిపోతుంది. మీలో చాలామంది వినేవి ఇంకో కాపీ లేని ఇంటి రికార్డింగులు. సెట్‌ను మళ్లీ బాగు చేయగలను, నలిగిన టేపులోని గొంతును తేలేను. అందుకే 41 మందినీ పిలుస్తున్నాను.

ఇకపై వచ్చే ప్రతి బెల్టూ మూడు వారాలు ఆ మేకుల చెక్క మీద ఉంటుంది. కొలిచాకే సెట్లోకి వెళ్తుంది. కాబట్టి రెండు వారాల్లో అయ్యే పని ఇప్పుడు ఆరు వారాలు పట్టొచ్చు. తొందర పెట్టినా మాట మార్చను, ఆగలేనివాళ్లు వేరేచోట చేయించుకున్నా తప్పు పట్టను. కెపాసిటర్లు, సీడీ ప్లేయర్ల పనులు మామూలుగానే జరుగుతాయి.

పంపేముందు బ్యాటరీలు తీసేయండి, లోపల క్యాసెట్ ఉంచకండి. ఒక్కటే కాపీ ఉన్న టేపులు వినేవాళ్లయితే చీటీ మీద రాయండి, వాళ్లవి ముందు చేస్తాను. అప్పటిదాకా ఆ టేపులు మాత్రం పెట్టకండి.

ఆ టీపీఎస్-ఎల్2 ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. కొత్త బెల్టు వేసి ఐదు రోజులైంది, ఈ పొద్దున 2,998 చూపించింది. ఇంకో రెండు వారాలు రోజూ పెట్టి చూశాకే పంపుతానని ఆయనకు చెప్పాను.