షాపతని పాట వినకుండానే రివ్యూ రాసేశారు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో రిథమ్ గేమ్స్ (పాట బీట్‌కి తగ్గట్టు నొక్కుతూ ఆడే వీడియో గేమ్స్) మీద ఒక పేజీ మొత్తం వేశారు, చాలా సంతోషం అనిపించింది, వీటి గురించి తెలుగులో రాసేవాళ్ళే తక్కువ. కానీ అందులో క్రిప్ట్ ఆఫ్ ది నెక్రోడాన్సర్ అనే గేమ్ గురించి రాసిన నాలుగు లైన్లు చదివాక ఊరుకోలేకపోయా. కథ అయిపోయాక వచ్చే ఛాలెంజ్‌లన్నీ ఊరికే కష్టం పెంచి మళ్ళీ అదే గేమ్ ఆడించడానికి పెట్టినవే అని తేల్చేశారు. రాసినవాళ్ళు మొదటి క్యారెక్టర్‌తో ఆడి ఆపేశారని నా అనుమానం, ఎందుకంటే అసలు విషయం ఆ తర్వాతే మొదలవుతుంది.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. ఈ గేమ్ 2015లో వచ్చింది, కెనడాలోని బ్రేస్ యువర్‌సెల్ఫ్ గేమ్స్ వాళ్ళు చేశారు, మ్యూజిక్ డానీ బారనోవ్‌స్కీ. నేలమాళిగలో మనం వేసే ప్రతి అడుగూ బీట్ మీద పడాలి, అస్థిపంజరాలూ గబ్బిలాలూ కూడా బీట్ మీదే కదులుతాయి. బీట్ తప్పితే అడుగు పడదు, అప్పటిదాకా పెంచుకున్న మల్టిప్లయర్, అంటే దొరికే బంగారాన్ని రెట్టింపు చేసే లెక్క, పోతుంది. పాట అయిపోయేలోపు బయటికి దారి దొరక్కపోతే కాళ్ళ కింద తలుపు తెరుచుకుని తర్వాతి లెవెల్లోకి పడిపోతాం. మొదటి క్యారెక్టర్ కేడెన్స్‌తో ఆడేటప్పుడు బీట్ అప్పుడప్పుడు తప్పినా నెట్టుకొచ్చేయొచ్చు, స్క్రీన్ కింద గుండె కొట్టుకుంటూ ఉంటుంది, దాన్ని చూస్తూ నొక్కుతూ పోతాం. నేనూ నెలరోజులు అలాగే కళ్ళతో ఆడా.

ఆరియా అనే ఇంకో క్యారెక్టర్‌తో ఆ పప్పులు ఉడకవు. ఆమెకి ప్రాణం అర గుండె మాత్రమే, ఒక్క దెబ్బ తగిలినా ఒక్క బీట్ తప్పినా అక్కడితో సరి, పైగా జోన్లు (కొన్ని లెవెల్స్ కలిసిన భాగాలు) కూడా 4 నుంచి 1కి వెనక్కి వెళ్ళాలి. మొదటి వారం ఒక్క నిమిషం కూడా నిలవలేకపోయా. ఆ తర్వాత తెలిసిందేంటంటే కళ్ళు ఇటు గుండె వైపూ అటు శత్రువుల వైపూ పరిగెడుతుంటే ఎప్పుడో ఒకప్పుడు బీట్ జారిపోతుంది, అందుకని బీట్‌ని చెవికి వదిలేసి కళ్ళని పూర్తిగా శత్రువుల మీదే పెట్టా. అప్పుడు కనిపించింది, అస్థిపంజరం అడుగు వేసే ముందు బీట్‌కి చేతులు పైకెత్తుతుందని! అది మొదటి రోజు నుంచీ నా కళ్ళ ముందే ఉంది, నేనే చూడలేదు.

షాపతని సంగతి ఇంకా బావుంటుంది. షాప్ నడిపే అతను నేపథ్యంలో వచ్చే పాటతో పాటే గొంతు కలిపి పాడుతుంటాడు, గోడల అవతలి నుంచి కూడా వినిపిస్తుంది, దగ్గరికి వెళ్ళేకొద్దీ గొంతు పెద్దదవుతుంది. చాలామంది దాన్ని సరదాకి పెట్టారనుకుంటారు. మాంక్ అనే క్యారెక్టర్‌తో ఆడి చూడండి, బంగారం మీద అడుగు పడితే చచ్చిపోతాడు, చంపిన ప్రతిదీ బంగారం రాలుస్తుంది కాబట్టి మన దారిని మనమే మూసుకుంటూ పోతుంటాం, అతనికున్న ఒకే ఒక్క అదృష్టం షాపులో ఒక వస్తువు ఫ్రీగా తీసుకోవచ్చు. అప్పుడు ఆ పాట దారి చూపిస్తుంది, ఎటు తవ్వాలో చెవితోనే తెలిసిపోతుంది. ఆ గొంతు విని గోడ తవ్వుకుంటూ వెళ్ళి షాప్ బయటపడినప్పుడు కలిగే ఆనందం నాకు చాలా గేమ్స్‌లో దొరకలేదు.

బోల్ట్ అనే క్యారెక్టర్‌తో టెంపో, అంటే పాట వేగం, రెట్టింపు. మొదటి లెవెల్ పాట నిమిషానికి 115 బీట్లు, అంటే ఒక్కో అడుగుకి అర సెకను పైన, అది కాస్తా పావు సెకనుకి వచ్చేస్తుంది, ఆలోచించే టైమే ఉండదు. ఇక కోడా అనే క్యారెక్టర్ అంటే ఆరియా, మాంక్, బోల్ట్ ముగ్గురి కష్టాలూ ఒక్కరి మీదే. పేర్లు కూడా గమనించండి, కేడెన్స్, వాళ్ళ అమ్మ మెలొడీ, అమ్మమ్మ ఆరియా, అన్నీ సంగీతంలో మాటలే, కోడా అంటే పాటకి చివరి భాగం. 3వ జోన్‌లో వేడి వైపు నుంచి చల్లటి వైపుకి దాటితే బీట్ మారకుండానే గిటార్ల మోత తగ్గి పాట మెత్తబడుతుంది. డీప్ బ్లూస్ అనే బాస్ (జోన్ చివర వచ్చే పెద్ద శత్రువు) దగ్గర చదరంగం పావులు మన మీదకి వస్తాయి, 1997లో చదరంగం ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ పేరు మీద ఆడిన మాట అది. రివ్యూలో వీటిలో ఒక్కటైనా ఉంటుందని ఎదురుచూశా.

ఇంకో ముఖ్యమైన విషయం మీ పేజీలో అసలు లేదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ కాస్త లేటుగా వస్తుంది, పాట విని కరెక్ట్‌గా నొక్కినా గేమ్ తప్పు అంటుంది, దాంతో చాలామంది నాకు లయ జ్ఞానం లేదు అనుకుని గేమ్ తీసేస్తారు. తప్పు వాళ్ళది కాదండీ. ఆప్షన్స్‌లో లేటెన్సీ కాలిబ్రేషన్, అంటే ఆ ఆలస్యాన్ని సరిచేసే సెట్టింగ్, ఉంటుంది, రెండు నిమిషాల పని, లేదా వైరున్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. మా ఫ్రెండ్ ఒకతను ఇలాగే మానేసి, కాలిబ్రేషన్ చేశాక మళ్ళీ మొదలుపెట్టి ఇప్పుడు మెలొడీ దాకా వచ్చాడు.

నా రిక్వెస్ట్ ఒకటే, మళ్ళీ గేమ్స్ పేజీ వేసేటప్పుడు రివ్యూ రాసేవాళ్ళకి ఇంకో వారం టైమ్ ఇవ్వండి, ఆరియాతో ఒక్క జోన్ అయినా ఆడమనండి, గెలవకపోయినా పర్లేదు. వైరున్న హెడ్‌ఫోన్స్‌తో ఆడమనండి.

ఇట్లు,
మీ పేపర్ రోజూ చదివే ఒక పాఠకుడు