జేబు పెట్టలేదు, అడగొద్దు

చిట్టీ,

మీ నాన్న నిన్న ఆత్మకూరులో నెట్ సెంటరుకు పోయి నీ నీట్ మెడిసిన్ ఎంట్రన్స్ అడ్మిట్ కార్డు తీయించుకొచ్చాడు. సెంటరు నెల్లూరులోనే పడిందని చూసుకుని, హమ్మయ్య అని బీరువాలో పెట్టేశాడు. రూల్సన్నీ నేను కూర్చుని చదివాను. హాస్టల్ ఫోన్లో రెండు మాటలు మాట్లాడేలోపే వెనక పిల్లలు తొందర పెడతారు, అందుకే ఈ ఉత్తరం.

లోపలికి తేకూడని వాటి జాబితా మన షాపు బాకీల పుస్తకమంత ఉంది. ఫోను, ఇయర్‌ఫోన్, కాలిక్యులేటర్ సరే, అవి ఎవరైనా అనుకునేవే. పెన్ను, స్కేలు, రబ్బరు, అట్ట, పర్సు, బెల్టు కూడా వద్దంట. ఇంటర్ పరీక్షలకు నాలుగు పెన్నులు పట్టుకుపోయేదానివి. ఇక్కడ నల్ల బాల్‌పెన్ను వాళ్లే ఇస్తారు. వాచీ కూడా ఉండదు. మొదట్లో, సగం టైమ్ అయ్యాక, ముగిసే ముందు సిగ్నల్ ఇస్తారు, అంతే. 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. మాటిమాటికీ మణికట్టు చూసుకునే అలవాటు నీది, ఇప్పట్నుంచే మాక్ టెస్టులు వాచీ తీసేసి రాయి.

పొడుగు చేతుల బట్టలు వద్దు, బూట్లు వద్దు, చెప్పులు ఎత్తు మడమలవి కాకూడదు. ఆర్టీసీ పార్సిల్లో లేత నీలం కాటన్ చుడీదార్ పంపుతున్నాను. చేతులు మోచేతికి పైనే ఆపాను. జిప్పు లేకుండా తలలోంచి దూరేట్టు మెడ కాస్త వెడల్పు చేశాను. టిచ్ బటన్ ఒక్కటి కూడా లేదు. నాడా చివర ఇనప ముక్క ఉంటుందని ప్యాంటుకు ఎలాస్టిక్ వేశాను. జేబు మాత్రం పెట్టలేదు, అడగొద్దు. వెతికేవాళ్లకు పని తగ్గితే నీకే మంచిది. చంక దగ్గర పట్టేస్తే లోపల అంగుళం గుడ్డ వదిలాను, అక్కడ ఏ టైలరైనా విప్పి కుడతాడు. ముందే ఒకసారి వేసుకుని మూడు గంటలు కూర్చుని చూడు.

ఆడపిల్లల్ని ఇంతలా తడిమి చూడాలా అని నాకూ ఒళ్లు మండింది. కానీ 2015లో జరిగింది తలుచుకుంటే వాళ్లను తప్పు పట్టబుద్ధి కాదు. అప్పట్లో ఈ పరీక్షను ఏఐపీఎంటీ అనేవాళ్లు. బనియన్లలో సిమ్ కార్డులు, బ్లూటూత్ పరికరాలు అమర్చుకుని జవాబులు తెప్పించుకున్నారని బయటపడి, సుప్రీంకోర్టు పరీక్ష మొత్తం రద్దు చేసింది. జూలైలో పరీక్ష మళ్లీ పెట్టారు. బట్టల మీద ఆంక్షలు గట్టిగా మొదలైంది అప్పుడే. ఆ బనియన్లు కుట్టినవాడు కూడా నాలాగా మిషన్ తొక్కుకునేవాడే అయ్యుంటాడు, వాడికి చేతులెట్లా వచ్చాయో!

కమ్మలు, పట్టీలు, ముక్కుపుడక ముందురోజు రాత్రే తీసెయ్. నీ ముక్కుపుడక మర బిగుసుకుపోయి ఉంటుంది. కొబ్బరినూనె చుక్క వేసి, కాసేపు ఆగి, లోపల బిళ్లను వేలితో పట్టుకుని మెల్లగా తిప్పు. గేటు దగ్గర హడావిడిగా లాగితే ముక్కు వాచి, మూడు గంటలూ ధ్యాస దాని మీదే ఉంటుంది. జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో మీ జేజమ్మ కట్టిన దారం కూడా విప్పాలంటే ఆమె ససేమిరా అంది. గేటు దగ్గర ఎవరో కత్తెరతో కత్తిరిస్తే మాత్రం ఊరుకుంటావా అంటే మెత్తబడింది. నువ్వే విప్పి నాన్న చేతికి కట్టు. సెంటర్లో సామాన్లు దాచే ఏర్పాటు ఉండదు, అన్నీ ఆయన దగ్గరే పెట్టు.

అడ్మిట్ కార్డు, ఒరిజినల్ ఆధార్, పాస్‌పోర్ట్ సైజు ఫోటో, పోస్ట్‌కార్డు సైజు ఫోటో నాన్న తెస్తాడు. ఇన్విజిలేటర్ ముందు పెట్టాల్సిన సంతకం ముందే గీకేయొద్దు. నీళ్ల సీసా అవతలివైపు కనిపించేదైతే ఒప్పుకుంటారు, లేబుల్ చించెయ్. మే నెల నెల్లూరు ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

పరీక్ష రెండింటికైనా ఒంటిగంటన్నరకు గేటు మూసేస్తారు, ఆ తర్వాత దేవుడొచ్చినా తీయరు. నాన్న పొద్దున పదింటికల్లా హాస్టల్ దగ్గర ఉంటాడు. పెరుగన్నం తిని బయల్దేరండి, గోంగూర జోలికి పోవద్దు. సాయంత్రం బయటికి రాగానే ఎన్ని కరెక్టు అని అడగొద్దని ఆయనకు గట్టిగా చెప్పాను. అయినా అడుగుతాడు. నువ్వు చెప్పకు.

అమ్మ