ముంబయిలో మాకు నీడనూ అన్నాన్నీ చూపించిన అన్నకు, వదినకు కృతజ్ఞతలు

మా అమ్మను వెంటబెట్టుకుని నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన రోజు నా దగ్గర ఉన్నవి ఆమె బయాప్సీ రిపోర్టు, మా చెల్లి తన గొలుసు కుదువబెట్టి ఇచ్చిన డబ్బు, ఒక ఫోన్ నంబరు మాత్రమే. అమ్మది నోటి క్యాన్సర్. పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో వైద్యం చేయించుకుని రెండు నెలల తరువాత గత వారమే ఇంటికి తిరిగి వచ్చాం. వైద్యులకూ నర్సులకూ అక్కడే చేతులెత్తి నమస్కరించి వచ్చాను. అయితే ఆ రెండు నెలలూ మేము ఎక్కడ పడుకున్నామో, ఏమి తిన్నామో, ఉన్న డబ్బు చివరిదాకా ఎలా సరిపోయిందో తలచుకుంటే, ఆ ఫోన్ నంబరుకు అవతల ఉన్న మనిషికి నలుగురిలోనూ కృతజ్ఞతలు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పేరు రాయవద్దని ఆయన గట్టిగా కోరారు కాబట్టి అన్న అనే రాస్తాను.

అన్న వాళ్ల తాత మా ఊరి పద్మశాలి; మగ్గం మీద బతుకు గడవక బొంబాయి బట్టల మిల్లులో పనికి చేరారు. ఆ మిల్లులు 1982 సమ్మె తరువాత ఒక్కొక్కటిగా మూతపడినా వాళ్ల కుటుంబం లోయర్ పరేల్‌లోని ఎన్.ఎం. జోషీ మార్గ్ బీడీడీ చాళ్‌ను, అంటే ఒక్కో కుటుంబానికి ఒక్కో గది ఉండే పాత కార్మికుల నివాసాన్ని, వదలలేదు. మాకు వాళ్లతో చుట్టరికం లేదు. ఊరి పేరు ఒక్కటే బంధం. ఆ చిన్న బంధాన్ని పట్టుకుని ఇంత పెద్ద భారం వేయడానికి మనసొప్పక, ముంబయిలోని దాదర్ స్టేషన్‌లో దిగిన రోజు నేను ఫోన్ చేయలేదు. స్టేషన్ బయట ఎదురైన ఒక దళారి తీసుకుపోయిన లాడ్జిలో కిటికీ లేని గదికి రోజుకు 1,800 రూపాయల చొప్పున రెండు రోజులు కట్టాను. మూడో రోజు ఆసుపత్రి వరండాలో కూర్చుని లెక్క వేసుకుంటే, ఆ లెక్కన మా డబ్బు మూడు వారాలకు మించి రాదని అర్థమై, అప్పుడు ఫోన్ చేశాను. గంటలో వచ్చిన అన్న మొదట అన్న మాట ఇది: "ఊరోడివి అయ్యుండి, దాదర్‌ల దిగి నాకొక్క ఫోన్ చెయ్యవా తమ్మీ?"

ఆయన చేసిన మేలులో అన్నింటికంటే విలువైనది, ఏ పని తరువాత ఏ పని చేయాలో చెప్పడం. ఎక్స్-రే కవరు వెనుక బాల్‌పెన్నుతో వరుసగా రాసి నా చేతిలో పెట్టారు. ముందు ఆసుపత్రిలో పేరు నమోదై కేసు ఫైలు నంబరు రావాలి. ఆ నంబరుతో ఆసుపత్రిలోనే ఉన్న వైద్య సాంఘిక సేవా విభాగానికి వెళ్లి, మేము బయటి రాష్ట్రం వాళ్లమనీ, వైద్యం ఎన్ని వారాలు సాగుతుందనీ చెప్పి బస కోసం చీటీ అడగాలి. ఆ చీటీ, ఆధార్ కార్డు, ఫైలు నకలు పట్టుకుని ధర్మశాలలకు వెళ్లాలి. నేనైతే తిరగేసి వెళ్లేవాడిని. ముందు నీడ, తరువాత ఆసుపత్రి అనుకునేవాడిని. రోగుల కోసమే నడిచే చోట్లు ఫైలు చూడనిదే తలుపు తీయవనీ, ఎవరో ఒకరు వైద్యం ముగించుకుని వెళితేనే చోటు ఖాళీ అవుతుందనీ, అందుకే ఒక్కచోట పేరు రాయించి ఊరుకోకుండా రెండు మూడు చోట్ల రాయించి రోజూ పొద్దున్నే అడుగుతూ ఉండాలనీ ఆయన చెప్పకపోతే నాకు తెలిసేది కాదు.

కవరు మీద ఆయన రాసిన పేర్లలో మొదటిది దాదర్ తూర్పున ఉన్న సంత్ గాడ్గే మహారాజ్ ధర్మశాల, రెండోది పరేల్‌లోనే ఉన్న నానా పాల్కర్ స్మృతి సమితి. జబ్బు చేసింది చిన్నపిల్లలకైతే వేరే దారి ఉందని, వరండాలో మా పక్కన కూర్చున్న ఆదిలాబాద్ దంపతులకు సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్ల గురించి కూడా ఆయనే చెప్పారు. క్యాన్సర్ వైద్యం పొందే పిల్లలనూ తల్లిదండ్రులనూ అక్కడ ఉచితంగా ఉంచుకుంటారు.

ధర్మశాలలో చోటు దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మేము అన్న వాళ్ల ఇంట్లోనే ఉన్నాం. ఇల్లంటే 160 చదరపు అడుగుల ఒక్క గది. అందులోనే పొయ్యి, దేవుడి పటాలు, బీరువా, ఇద్దరు పిల్లల చదువు. అమ్మను ఆ ఒక్క మంచం మీద పడుకోబెట్టి, వదిన పిల్లలతో కింద పడుకునేవారు. అన్న, నేను బయట నడవాలో చాపలు పరుచుకునేవాళ్లం. తెల్లవారుజామున నీళ్లు పట్టుకునే వాళ్లకు దారి ఇవ్వడానికి ఆయన చప్పుడు కాకుండా లేచి తన చాప చుట్టి, నా కాళ్ల దగ్గర బిందెలు తగలకుండా గోడవైపు జరిపేవారు. నేను మేలుకునే ఉండి అది చూశాను.

తరువాత మేము చేరిన ధర్మశాల ఏ మహానుభావుడి పేరు మీద ఉందో కూడా ఆయనే చెప్పారు. గాడ్గే అంటే మరాఠీలో మట్టి పాత్ర. ఆ పాత్రనూ ఒక చీపురునూ చేతపట్టుకుని ఊరూరా తిరిగి, వెళ్లిన ఊరిని ముందు ఊడ్చి తరువాత కీర్తన చెప్పిన గాడ్గే బాబా 1956లో కన్నుమూశారు. తనకంటూ ఏమీ ఉంచుకోకుండా, వచ్చిన విరాళాలతో పేదల కోసం ధర్మశాలలు కట్టించిన మనిషి పేరు మీద ఉన్న చోట, నామమాత్రపు రుసుముతో అమ్మ పడుకోవడానికి మంచమూ నాకు రెండు పూటల అన్నమూ దొరికాయి.

తిండి విషయంలో నాకు ఇబ్బంది లేకపోయింది. పదిహేను, ఇరవై రూపాయల వడాపావ్‌తో పొద్దుటి పూట గడిచేది. మధ్యాహ్నం ఆసుపత్రిలో ఆలస్యమైతే, హోటల్ బోర్డులు చూసి లోపలికి వెళ్లకుండా పోళీ-భాజీ కేంద్రం ఎక్కడ ఉందో అడగమని అన్న చెప్పారు. ఇంట్లో చేసినట్టుండే చపాతీలూ కూరా కట్టి ఇస్తారు, తక్కువలో కడుపు నిండుతుంది. అన్నం కోసం ప్రాణం లాగిన ఒకే ఒక్క ఆదివారం మాటుంగా స్టేషన్ దగ్గర 1942 నుంచి నడుస్తున్న రామా నాయక్ ఉడిపి భోజనశాలకు ఆయనే తీసుకుపోయారు. అరటి ఆకులో రసం, పెరుగన్నం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

కష్టమంతా అమ్మ తిండితోనే. డాక్టర్లు 30 విడతల రేడియేషన్ రాశారు, వారానికి అయిదు రోజులు. మూడో వారం వచ్చేసరికి నోరంతా పుండ్లై, కారం కాదు కదా, ఉప్పు తగిలినా కళ్ల నీళ్లు పెట్టుకునేది. ఏ ధర్మశాల వంటైనా వందల మంది కోసం వండేది. అది అమ్మ మింగలేదు. ఆ సంగతి నేను అడగకముందే తెలుసుకున్న వదిన, రాగిపిండిని రాత్రే నానబెట్టి, పొద్దున పలుచగా కాచి, పలుకు లేకుండా గుడ్డలో వడగట్టి, గోరువెచ్చగా చల్లార్చి పాలు కలిపి, మూత గట్టిగా బిగించిన స్టీలు డబ్బాలో పంపేవారు. పనికి వెళ్లే దారి కాకపోయినా అన్న ఆ డబ్బాను తెచ్చి ఆసుపత్రి గేటు దగ్గర నాకు అందించి, నిన్నటి డబ్బా తీసుకుపోయేవారు. నాలుగు వారాలు ఒక్క రోజు కూడా తప్పలేదు. చెంచాతో ఒక్కొక్క గుక్కా పోస్తుంటే అమ్మ కళ్లు మూసుకుని మింగేది. రేడియేషన్ మధ్యలో ఆగకుండా పూర్తి కావడానికి ఆ జావ కూడా కారణమని నేను నమ్ముతున్నాను.

ప్రయాణం ఖర్చు తగ్గించే సంగతులు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దాదర్ నుంచి పరేల్ ఒక్క స్టేషనే, లోకల్ రైలులో అయిదు రూపాయల టికెట్; అయితే స్లో లోకల్ మాత్రమే అక్కడ ఆగుతుంది. దివ్యాంగుల కోసం కేటాయించిన పెట్టెలో క్యాన్సర్ రోగులు కూడా ఎక్కవచ్చు, ఆసుపత్రి కాగితం చేతిలో ఉంటే చాలు. ఈ ఒక్క మాట తెలియని వాళ్లు రద్దీలో రోగిని నలిగిపోనిస్తున్నారు, లేదా టాక్సీలకు డబ్బు పోస్తున్నారు. తిరుగు ప్రయాణానికి ఆసుపత్రి ఇచ్చే రాయితీ పత్రం తీసుకోమని గుర్తు చేసినదీ ఆయనే. దానితో స్లీపర్‌లో అమ్మకు టికెట్ ఉచితం, తోడు వెళ్లే నాకు 75 శాతం తగ్గింపు. మనవాళ్లలో విశాఖ వైపు వారు అదే టాటా మెమోరియల్ సెంటర్ కింద అగనంపూడిలో నడుస్తున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిని కూడా ముందుగా విచారించుకోవడం మంచిది.

అన్నా, వదినా, మీరు డబ్బు మాట ఎత్తనివ్వలేదు, చీర పెడతానన్నా ఒప్పుకోలేదు. చివరి రోజు ఇవ్వాల్సిన స్టీలు డబ్బా రైలు హడావిడిలో మా సంచిలోనే వచ్చేసింది. అమ్మ దాన్ని తోమి ఎండబెట్టి, మా చేలో పండిన పసుపు కొట్టించి నింపి పెట్టింది. మూడు నెలల చెకప్‌కు వచ్చినప్పుడు, ఈసారి దాదర్‌లో దిగగానే ఫోన్ చేస్తాను.