చలికాలానికి ఇల్లూ మనసూ సిద్ధం చేసుకుందాం

సభ్యులందరికీ నమస్కారం. శరత్తు వెళ్ళిపోయి చలి మొదలవుతున్న ఈ రోజుల్లో, వణుకు పుట్టాక హడావిడి పడేకంటే ముందుగానే ఇంటిని ఒకసారి చూసుకోవడం మంచిదని ఈ సందేశం రాస్తున్నాను.

గాలి బాగా వీస్తున్న రోజున కిటికీలు, తలుపులు మూసి, వెలిగించిన అగరుబత్తిని వాటి అంచుల వెంబడి నెమ్మదిగా జరిపి చూడండి (పరదాలను ముందే పక్కకు తీసేయండి). నిటారుగా లేచే పొగ ఎక్కడ వాలిపోతే అక్కడ సందు ఉన్నట్టు. మడిచి ఉంచిన దుప్పట్లను ఎండలో వేసి దులిపితే ముక్కవాసన పోతుంది. అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది: మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని ఎవరూ నిద్రపోవద్దు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు కనుక, ప్రమాదం తెలిసేలోపే స్పృహ తప్పవచ్చు.

ఇక మనసు సంగతి. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21 లేదా 22 వరకు పగలు తగ్గుతూనే ఉంటుంది. వెలుతురు తగ్గేకొద్దీ కొందరిలో నిద్రమత్తు, నిరుత్సాహం, తీపి తినాలన్న కోరిక పెరుగుతాయి. దీన్ని బద్ధకమని తీసిపారేయడం అన్యాయం. ఇది తీవ్రమైనప్పుడు కనిపించే ఋతుసంబంధమైన కుంగుబాటును 1984లోనే మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్ బృందం వైద్యపరంగా వర్ణించింది. ఉదయం కాసేపు ఆరుబయట నడిస్తే, మబ్బు పట్టిన రోజైనా సరే, ఇంట్లోని దీపాలకంటే ఎక్కువ వెలుతురు కంటికి అందుతుంది. ఒంటరిగా ఉండే పెద్దలను సాయంత్రాలు తప్పకుండా పలకరిస్తూ ఉండండి. దిగులు రెండు వారాలైనా వదలకపోతే మొహమాటపడకుండా వైద్యుణ్ణి కలవండి.