పిల్లల విజ్ఞాన యాత్రకు మీరు పంపిన బస్సు గురించి ఫిర్యాదు

చండూరు మండలం,
నల్లగొండ జిల్లా.

టూరిస్టు బస్సుల కంపెనీ మేనేజరు గారికి,

విషయం: హైదరాబాదు ప్రయాణంలో సేవాలోపం, పరిహారం కోరడం గురించి.

ఆర్యా,

మా ఉన్నత పాఠశాల విద్యార్థులను హైదరాబాదు రాయదుర్గంలో జరిగిన నూతన ఆవిష్కరణల ప్రదర్శనకు తీసుకెళ్లి, అదే రోజు రాత్రికి తిరిగి తీసుకురావడానికి మీ నల్లగొండ కార్యాలయంలో బస్సు మాట్లాడుకొని, రూ. 26,000 కిరాయి మొత్తం ముందుగానే చెల్లించి రసీదు తీసుకున్నాము. గత నెల రెండో శనివారం నాటి ఆ ప్రయాణంలో మీరు రాసిచ్చిన మాటలో ఒక్కటీ నిలబెట్టుకోలేదు. ఆ కిరాయి ఏ ప్రభుత్వ నిధి నుంచో వచ్చింది కాదు. మగ్గం మీద బతికేవారు, కూలికి వెళ్లేవారు తమ పిల్లలు ఒక మంచి విషయం చూసి వస్తారని తలా కొంత వేసుకున్న డబ్బు అది. అందుకు లెక్క చెప్పవలసిన బాధ్యత విజ్ఞాన శాస్త్ర ఉపాధ్యాయుడిగా నా మీద ఉన్నది కనుక జరిగినది వివరంగా రాస్తున్నాను.

ఉదయం 5 గంటలకు బడి ముందు ఉండవలసిన బస్సు 7.40కి వచ్చింది. ఈలోగా మీ కార్యాలయానికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. రసీదులో 49 సీట్ల ఏసీ బస్సు అని ఉండగా వచ్చినది 35 సీట్ల పాత బస్సు. ఏసీ దారి పొడవునా పనిచేయలేదు. ఇద్దరు కూర్చునే సీట్లో ముగ్గురేసి పిల్లలను సర్దవలసి వచ్చింది. అంతకంటే భయం కలిగించినది వెనుక ఉన్న అత్యవసర ద్వారం. దాని పిడి ఊడిపోయి ఉండగా, తలుపు తెరుచుకోకుండా కట్టుతీగతో నాలుగైదు చుట్లు చుట్టి, కొనలు లోపలికి మెలేసి ఉన్నాయి. ఆ కొన తగిలి ఒక పిల్లవాడి మోచేయి గీరుకుపోతే, మందు రాయడానికి బస్సులో ప్రథమ చికిత్స పెట్టె కూడా లేదు. చౌటుప్పల్ దాటిన తరువాత జాతీయ రహదారి మీద ఆ బస్సుకు ఏమైనా జరిగి ఉంటే పిల్లలు ఏ దారిన బయటపడేవారో మీరే ఆలోచించండి.

చౌటుప్పల్‌లో బస్సు ఆపి, మా అనుమతి అడగకుండానే ఎవరివో పార్సిలు మూటలు డిక్కీలోకి ఎక్కించారు. ఆ డిక్కీలోనే మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు తయారుచేసిన నమూనా ఉన్నది. అది ఫ్లోరైడ్ నీటిని శుద్ధి చేసే పరికరం. మన జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైన ‘నల్లగొండ పద్ధతి’ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు తగిన పాళ్లలో కలిపి, ముందు వేగంగా, తరువాత నెమ్మదిగా తిప్పితే తెట్టెలు కట్టి, ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతాయి, పైన తేరిన నీటిని వడకట్టుకోవచ్చు. కరెంటు లేకపోయినా ఆ తిప్పే పని జరిగేలా మా పిల్లలు పాత సైకిలు చైను, పెడలు అమర్చి, లోపల ఏమి జరుగుతున్నదో చూసేవారికి కనిపించాలని గాజు జాడీ పెట్టారు. ఫ్లోరైడ్ వల్ల కాళ్లు వంకరపోయిన పెద్దవాళ్లను ఇళ్లలో చూస్తూ పెరిగిన పిల్లలు చేసిన పని అది. డిక్కీ తెరిచి చూసేసరికి జాడీ ముక్కలై, పెడలు వంగిపోయి, సీసాలోని పటిక నీళ్లు వాళ్లు చేత్తో గీసిన పటం మీదంతా ఒలికి ఉన్నాయి. డిక్కీలో గాజు సామాను ఉన్నదని ఎక్కేటప్పుడే మీ క్లీనరుకు చెప్పాను.

ఇంతటితో ఆగలేదు. ప్రదర్శన జరిగే చోటు వరకు తీసుకెళ్లాలన్నది ఒప్పందం కాగా, నగరంలోకి వస్తే చలానా పడుతుందని, ఎల్.బి. నగర్ వరకే తీసుకెళ్లమని ఆఫీసు వారు చెప్పారని డ్రైవరు మమ్మల్ని అక్కడే దింపేశాడు. అంతమంది పిల్లలతో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గం చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. విద్యార్థుల నమూనాలను పరిశీలించే కార్యక్రమం అప్పటికే ముగిసింది. చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ పోసే పనిని (ఆసు) చేసిపెట్టే ఆసు యంత్రం నడిపి చూపించే కార్యక్రమం కూడా ఉదయమే అయిపోయింది. మా వాళ్లకు ఆ యంత్రం ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఒక్క పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే సుమారు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. తల్లి పడే ఆ భుజాల నొప్పి చూడలేక ఉమ్మడి నల్లగొండ జిల్లాకే చెందిన చింతకింది మల్లేశం గారు ఆ యంత్రాన్ని కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. చేనేత ఇళ్ల పిల్లలు అది నడుస్తుండగా దగ్గర నుంచి చూడాలని ఎన్నో రోజులుగా ఎదురుచూశారు. తీరా వెళితే గుడ్డ కప్పిన యంత్రం చుట్టూ తిరిగి వచ్చారు. మిగిలినవైనా తీరిగ్గా చూద్దామంటే, రాత్రికి బస్సుకు వేరే ట్రిప్పు ఉన్నదని, 4 గంటలకల్లా ఎల్.బి. నగర్‌లో ఉండాలని మీ కార్యాలయం నుంచి ఒకటే ఫోన్లు. ఉదయం ఎత్తని ఫోను అప్పుడు ఎలా పనిచేసిందో తెలియదు. తిరుగు దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర టోలు పేరిట రూ. 700 అదనంగా తీసుకొని రసీదు ఇవ్వలేదు. టోలు కిరాయిలోనే కలిసి ఉన్నదని మీ కాగితంలోనే ఉన్నది.

డ్రైవరు మీద నాకు కోపం లేదు. తిరుపతి ట్రిప్పు నుంచి రాత్రంతా నడుపుకొని వచ్చి, నిద్ర లేకుండానే మా ఊరికి బయలుదేరానని అతడే చెప్పాడు. డ్రైవరు పని రోజుకు 8 గంటలేనని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే చెప్పారు. అలసిన మనిషి చేతికి పిల్లల ప్రాణాలు అప్పగించిన తప్పు పూర్తిగా యాజమాన్యానిదే. దయచేసి ఆ తప్పును అతని మీదికి నెట్టి జీతం కోయకండి.

కిరాయిలో సగం రూ. 13,000, మెట్రో టికెట్లకు అయిన ఖర్చు, అదనంగా తీసుకున్న టోలు సొమ్ము, నమూనా తిరిగి చేసుకోవడానికి రూ. 3,500 ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా పాఠశాల తల్లిదండ్రుల కమిటీకి చెల్లించాలని కోరుతున్నాను. అత్యవసర ద్వారం బాగుచేయించి తనిఖీ చేయించేవరకు ఆ బస్సును ఏ బడి పిల్లలకూ ఇవ్వబోమని లిఖితపూర్వకంగా తెలియజేయండి. డబ్బు విషయంలో మాట్లాడుకుందామన్నా అభ్యంతరం లేదు కాని, ఈ ఒక్క విషయంలో మాత్రం నేను తగ్గను. గడువులోగా సమాధానం రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాము. రూ. 5 లక్షల లోపు చెల్లింపులపై ఫిర్యాదుకు అక్కడ రుసుము కూడా లేదు కనుక తల్లిదండ్రులెవరూ వెనుకాడరు. రసీదు నకలు, తీగ చుట్టిన తలుపు, పగిలిన నమూనా ఫోటోలు దీనితో జతచేస్తున్నాను. తలుపు ఫోటోను జిల్లా రవాణా శాఖ అధికారి గారికి కూడా పంపుతున్నాను.

ఇట్లు,
భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల