సైటు ఎనిమిది రోజులు ఎందుకు ఆగింది, ఇప్పుడు ఎక్కడికి మార్చాను

నమస్కారం.

2025 ఆగస్టు 19 మధ్యాహ్నం నుంచి 27 మధ్యాహ్నం దాకా మన పాత పుస్తకాల సైటు పనిచేయలేదు. మొదటి రెండు రోజులు వచ్చిపోతూ ఉంది, తర్వాత అదీ లేదు. "షాపు ఎత్తేశారా?" అని వాట్సాప్‌లో అడిగినవాళ్ళున్నారు. రాజమండ్రి మాస్టారు ఒకాయన నాకేమైనా అయిందేమోనని మా ఆవిడకి ఫోన్ చేశారు. నాకేమీ కాలేదండీ. షాపూ ఎత్తెయ్యలేదు. ఆరేళ్ళుగా కొంటున్న మీకు "సాంకేతిక కారణాల వల్ల" అని ఒక ముక్క రాసి తప్పించుకోవడం నా వల్ల కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

అసలు సంగతి ఏమిటంటే, మార్చి నుంచి మొన్న సెప్టెంబరు దాకా ఈ సైటు నడిచిన కంప్యూటరు హైదరాబాద్ నల్లకుంటలో మా ఇంట్లోనే ఉండేది. ఈ విషయం మీలో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

అంతకుముందు 2019 నుంచి డబ్బు కట్టి హోస్టింగ్ తీసుకున్నాం. అంటే ఒక కంపెనీ సర్వర్‌లో కొంత చోటు అద్దెకి. అదే సర్వర్‌లో మనతోపాటు వందల సైట్లుంటాయి కాబట్టి చవక. కంపెనీ పేరు రాయను. ప్రకటనలో "అన్‌లిమిటెడ్" అని పెద్దక్షరాలతో ఉండేది. మొదటి మూడేళ్ళూ నెలకి 149 రూపాయల చొప్పున తీసుకుని, రెన్యువల్‌కి వచ్చేసరికి దాదాపు మూడింతలు చేశారు. దాని మీద 18 శాతం జీఎస్టీ. సరే, అందరూ చేసేదే కదా అని కట్టాను.

ఈ ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే సైటు తెరిస్తే పుస్తకాల బదులు తెల్లటి పేజీ, దాని మీద "ఈ అకౌంటు సస్పెండ్ అయింది" అని. కారణం చెప్తూ ముందే మెయిల్ పంపామన్నారు. ఏ మెయిల్‌కి? మన సైటు పేరు మీదున్న మెయిల్‌కే. అదీ ఆ అకౌంట్లోదే, దాంతోపాటే ఆగిపోయింది. ఇంటికి తాళం వేసి, ఎందుకు వేశామో రాసిన చీటీ ఇంట్లోనే పెట్టి పోయినట్టు.

చాట్‌లో రెండు గంటలు కూర్చుంటే తేలింది. అన్‌లిమిటెడ్ అన్నది చోటుకేనట, ఫైళ్ళ సంఖ్యకి కాదట. రెండు లక్షల ఫైళ్ళు దాటకూడదు. దాన్ని ఐనోడ్ లిమిట్ అంటారు. కాగితం తీసి లెక్క వేశాను. అప్పటికి మన దగ్గర 9,200 పుస్తకాలు. ఒక్కోదానికి అట్ట ఒకటి, లోపలి పేజీ ఒకటి, చిరుగులో చెదలో ఉంటే దాచకుండా కనిపించేలా ఇంకొకటి, మొత్తం మూడు ఫొటోలు. నేను ఒక ఫొటో ఎక్కిస్తే సైటు దానంతట అదే చిన్నవీ పెద్దవీ కలిపి ఎనిమిది ఫైళ్ళుగా దాచుకుంటుంది. 27,600 ఫొటోలు ఎనిమిదింతలైతే 2,20,800. నేనూ మీరూ ఎన్నడూ చూడని ఫైళ్ళతో గీత దాటేశాం. లక్ష ఫైళ్ళు దాటిన అకౌంట్లకి వాళ్ళు బ్యాకప్ కూడా తియ్యరని అప్పుడే తెలిసింది. ఇవన్నీ షరతుల్లో రాసే ఉన్నాయి. చదవకపోవడం నా తప్పే.

నేను మింగలేకపోయింది ఆ చాట్ మాట్లాడిన తీరు. "మీ ఓపికకు ధన్యవాదాలు" అని నాలుగుసార్లు వచ్చింది. మొదటిసారికే నా ఓపిక అయిపోయింది. "ఒక్క రోజు తెరవండి, అక్కర్లేనివన్నీ నేనే తీసేస్తాను" అన్నాను. "పై ప్లాన్‌కి మారండి, వెంటనే తెరుస్తాం" అన్నారు. పై ప్లాన్ అంటే నాలుగింతలు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే వాక్యం, ఒక్క అక్షరం మారలేదు. మూడు రోజులు బతిమాలించుకుని చివరికి 48 గంటలు తెరిచారు.

మా మేనల్లుడు మాదాపూర్‌లో ఇదే పని చేస్తాడు. "కట్టెయ్ మామయ్యా, తర్వాత తీరిగ్గా తిట్టుకుందాం" అన్నాడు. నేను కట్టలేదు.

ఎందుకంటే కోఠీ. మీలో పాతవాళ్ళకి తెలుసు, అక్కడి మడిగెకి పదిహేడేళ్ళు అద్దె కట్టాను, ఒక్క నెల ఆలస్యం చెయ్యలేదు. 2018లో ఓనరు నెల రోజుల్లో ఖాళీ చెయ్యమన్నాడు. ఆటోల్లో పుస్తకాలు తోలుకొచ్చి మా హాల్లో పోశాం. ఆ రోజు నుంచి ఎవరైనా తాళం మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంకొకరి గోడకి ఇక మేకు కొట్టేది లేదనుకున్నాను. మార్చిలో తీసుకున్న నిర్ణయం అచ్చంగా ఈ మంటలో తీసుకున్నదే, లెక్కలు చూసి కాదు.

కంప్యూటర్లు నాకు కొత్త కాదు. తొంభైల్లో డీటీపీ చేసుకుని బతికినవాణ్ణి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కి దిగి, పార్టులు కొనుక్కొచ్చి, నా మెషిన్లు నేనే బిగించుకునేవాణ్ణి. ఆ ధైర్యం ఉంది, దాంతోపాటు కొంచెం పొగరూ ఉంది. పాత డెస్క్‌టాప్‌కి కొత్త ఎస్ఎస్‌డీ, 4 టీబీ హార్డ్ డిస్కు, ఒక యూపీఎస్ తగిలించి బీరువా పక్కన పెట్టాను. మేనల్లుడు వద్దంటూనే వచ్చి కూర్చుని సెట్ చేశాడు. మామూలుగా ఇళ్ళకిచ్చే ఫైబర్‌లో ఒకే ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో చిరునామా) వెనక చాలా ఇళ్ళు ఉంటాయి, బయటివాళ్ళు నేరుగా మన కంప్యూటర్ దాకా రాలేరు. అందుకని మన మెషినే బయటికి ఒక టన్నెల్, అంటే సొరంగం లాంటి దారి, తెరిచి పెడుతుంది, మీరు అందులోంచి వస్తారు.

ఆ రాత్రి పదకొండున్నరకి ఫోన్లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద సైటు తెరిచాను. ఒక పంచాంగం నొక్కాను. బీరువా పక్కన డిస్కు చిన్నగా గరగరమంది, లైటు రెండుసార్లు మినుకుమంది, ఫోన్లో పంచాంగం అట్ట వచ్చింది. ఇంకోటి నొక్కాను, మళ్ళీ మినుకుమంది. చిన్నపిల్లాడిలా ఓ పావుగంట అదే పని. కోఠీ షట్టరు పైకెత్తినప్పటి తృప్తి మళ్ళీ అప్పుడే కలిగింది. మా ఆవిడ లేచొచ్చి, "ఇది రాత్రంతా ఇలాగే మినుకుమంటుందా?" అని అడిగింది.

జూలై చివరిదాకా బాగానే నడిచింది, అబద్ధం చెప్పను. దెబ్బతిన్నది మెయిల్ దగ్గర ఒక్కటే. ఆర్డర్ అందిందని మీకు వచ్చే మెయిళ్ళు కూడా ఇంటి నుంచే పంపబోయాను. ఇళ్ళ కనెక్షన్ల నుంచి నేరుగా వచ్చే మెయిల్‌ని పెద్ద మెయిల్ సర్వీసులు నమ్మవు. స్పామ్‌లో పడేస్తాయి, లేదా అసలు తీసుకోవు. మార్చిలో ఆర్డర్ పెట్టి "ఈయన జవాబే ఇవ్వడు" అనుకున్నవాళ్ళు నన్ను క్షమించాలి. రెండు వారాల్లో మెయిల్‌ని బయటి సర్వీసుకి మార్చేశాను. మే ఎండలకి ఆ గది కాలిపోతుంటే ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కంప్యూటరుకి పెట్టాం.

ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. మాకు దగ్గరే. ఆ తర్వాత సిటీలో స్తంభాలకి వేలాడే కేబుళ్ళు కోసెయ్యడం మొదలైంది. 19న మా వీధి వంతు. నేను బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాను. నిచ్చెన మీద మనిషి కత్తిరిస్తుంటే నల్లతీగలు కట్టలకి కట్టలు రోడ్డు మీద పడుతున్నాయి. అందులో మనది ఏదో నాకేం తెలుసు? లోపలికొచ్చి చూస్తే రౌటర్ మీద ఎర్ర లైటు.

వాళ్ళని తప్పుపట్టను. మనుషులు పోయారు. ఆ తీగల చిక్కుముడిని ఏళ్ళ తరబడి అందరం తలెత్తి చూస్తూ దాని కిందనుంచే నడిచాం. నా తప్పు నాది. కరెంటు పోతే యూపీఎస్ ఉంది, డిస్కు పోతే ఇంకో డిస్కు ఉంది, వీధిలో తీగే పోతే ఏమిటన్నది మాత్రం నేను ఆలోచించలేదు.

ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపితే సైటు లేచింది. రోజుకి 2 జీబీ డేటా, పొద్దున పదకొండింటికల్లా ఖాళీ. సైటుకి ఎవరెవరొచ్చారో రాసి ఉండే లాగ్ తీసి చూస్తే అందులో ఎక్కువ భాగం తిన్నది మీరు కాదు, ఇంటర్నెట్టంతా గాలిస్తూ తిరిగే బాట్లు. రెండో రోజూ అంతే. మూడో రోజు నేనే ఆపేశాను. కానీ అప్పటికే అసలు నష్టం జరిగిపోయింది.

మీరు యూపీఐలో డబ్బు కట్టగానే పేమెంట్ గేట్‌వే, అంటే మన తరఫున డబ్బు వసూలు చేసిపెట్టే సర్వీసు, మన సైటుకి కబురు పెడుతుంది. సరిగ్గా ఆ నిమిషంలో డేటా అయిపోయి సైటు పడిపోతే కబురు అందదు. మీ డబ్బు జమ అవుతుంది, మన లెక్కలో మాత్రం "రాలేదు" అనే ఉంటుంది, పుస్తకం ఇంకా అమ్మకానికి ఉన్నట్టే కనిపిస్తుంది. అలాంటివి 14 ఆర్డర్లు. బియ్యం బస్తాలైతే ఇంకోటి ఇస్తాం. మన దగ్గర ఏ పుస్తకమైనా ఒక్కటే ప్రతి. ఒక వారపత్రిక 1962 నాటి బైండుకి ఖమ్మం నుంచి ఒకావిడ 20న డబ్బు కట్టారు. 21న ఇంటికొచ్చి అడిగినాయనకి అదే బైండు నా చేత్తో నేనే ఇచ్చేశాను. వాళ్ళ నాన్నగారి కథ ఒకటి అందులో అచ్చయిందని, ఆవిడ చాలాకాలంగా దానికోసం వెతుకుతున్నారని తర్వాత తెలిసింది.

కొన్నాయనకి ఫోన్ చేసి బతిమాలాను. ఆ నాలుగు పేజీలూ స్కాన్ చేసి పంపుతానన్నారు, పంపారు కూడా. బైండు మాత్రం ఇవ్వనన్నారు. ఆయన డబ్బిచ్చి కొనుక్కున్నారు, నేనేమంటాను? ఖమ్మం ఆవిడకి డబ్బు తిరిగి పంపితే "పర్లేదండీ" అన్నారు. ఇంకో ప్రతి దొరికితే ముందు ఆవిడకే, డబ్బు తీసుకోను.

27న, చవితి రోజు, కేబుల్ కుర్రాడు కొత్త తీగ లాగాడు. మా ఆవిడ ఉండ్రాళ్ళు పెట్టింది. సైటు లేచింది. ఇక్కడే ఉంచాలా, మళ్ళీ డబ్బు కట్టే చోటికి పోవాలా అన్నది తేల్చుకోడానికి నాకు ఇంకో పది రోజులు పట్టింది.

డబ్బు లెక్క ఒక్క పేజీలో తేలిపోయింది. మన మెషిన్ 60 వాట్లు. రోజంతా నడిస్తే నెలకి 43 యూనిట్లు, మా స్లాబులో 350 రూపాయల పైమాటే. ఇంకో కంపెనీ ఇంటర్నెట్ లైను తోడుగా పెట్టుకుంటే 500. యూపీఎస్ బ్యాటరీ, డిస్కులు వేరే. బయట వీపీఎస్, అంటే కంపెనీ సర్వర్‌లో మనకే విడిగా కేటాయించిన వాటా, తీసుకుంటే 700, జీఎస్టీతో 826. అంటే ఇల్లు చవక కాదు. ఆ పేజీ చూసి కూడా నేను ఇంటి వైపే వాదించాను. "2021 మార్చిలో ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర అంత పెద్ద డేటా సెంటరే కాలిపోయింది కదరా" అన్నాను. "అందుకేగా మామయ్యా బ్యాకప్ వేరే చోట పెట్టుకోమనేది" అన్నాడు. సైటు ఇంత శాతం సమయం ఆగకుండా నడుస్తుందని హోస్టింగ్ కంపెనీలు చెప్పే 99.9 శాతం అంటే ఏడాదికి 8 గంటల 46 నిమిషాలు ఆగొచ్చని లెక్క. నేను ఎనిమిది రోజులు ఆపాను. ఏడాది లెక్కలో 97.8 శాతం. పదో తరగతిలో ఆ మార్కులొస్తే వీధంతా స్వీట్లు పంచుతారు.

చివరికి నన్ను కదిపింది ఇవేవీ కావు. జూన్‌లో వరంగల్‌లో ఒక లాయరుగారి ఇంటి లైబ్రరీ అమ్ముతున్నారని కబురొచ్చింది. వెళ్తే ఒక రాత్రి ఉండాలి. మెషిన్ ఆగితే చూసేదెవరు అని నేను వెళ్ళలేదు. ఆ పుస్తకాలు ఎవరో లారీలో తీసుకుపోయారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేస్తూ కూడా పది నిమిషాలకోసారి ఫోన్ తీసి సైటుందా పోయిందా అని చూసుకోవడం. ఆర్నెల్లలో కొత్తగా తెచ్చినవి మూడొందలు కూడా లేవు. అద్దె ఓనరు వద్దనుకుని, నాకు నేనే వాచ్‌మన్‌గా చేరాను.

కాబట్టి సెప్టెంబరు 7 రాత్రి సైటుని వీపీఎస్‌కి మార్చాను. మెషిన్ ముంబైలో ఉంది. 2022లో అమెజాన్ వాళ్ళు తమ క్లౌడ్ సర్వర్లు తెచ్చి పెట్టింది మన హైదరాబాద్‌లోనే, మన సైటుకి మాత్రం ముంబై రాసిపెట్టి ఉంది. ఇందులో మన వాటా మనదే, ఫైళ్ళు లెక్కపెట్టేవాళ్ళు లేరు. షరతులు ఈసారి మొత్తం చదివాను, రెండుసార్లు. ఫొటోల ఎనిమిది సైజులని మూడుకి తగ్గించాను. సైటు పేరు మొదటినుంచీ వేరే చోట రిజిస్టర్ చేసి ఉండబట్టి మీరు టైపు చేసే అడ్రసు మారలేదు. మీ కార్డు, యూపీఐ వివరాలు ఏనాడూ మా దగ్గర ఉండవు, గేట్‌వే దగ్గరే ఉంటాయి. ధరలు, పోస్టు ఖర్చులు పాతవే.

పాత కంపెనీ ఇప్పటికీ "తిరిగి రండి, 60 శాతం తగ్గింపు" అని మెయిళ్ళు పెడుతోంది. ఊరికే ఇచ్చినా పోను. బీరువా పక్కన మెషిన్ కూడా తియ్యను. రోజూ రాత్రి రెండింటికి ముంబై నుంచి అన్నీ దించుకుని దాచుకోవడం ఇప్పుడు దాని పని. ఈసారి ఎవరైనా తాళం వేస్తే మన సరుకు మన హాల్లో ఉంటుంది.

ఆ 14 ఆర్డర్లలో 11 ఎవరివో తెలిసింది, పుస్తకాలో డబ్బో చేరాయి. మిగిలిన మూడు ఆగస్టు 19, 20 తేదీల్లో వచ్చినవి: 640, 1,150, 285 రూపాయలు. మీదైతే మీ యూపీఐ యాప్‌లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు వాట్సాప్ చెయ్యండి, అదే రోజు పంపేస్తాను. ఆదివారం పొద్దున మాత్రం ఫోన్ చెయ్యకండి, ఎత్తను. అబిడ్స్‌లో ఉంటాను.