కొలంబస్ కథలో చోటు దక్కని సాక్షులు

సంపాదకులకు నమస్కారాలు.

కొలంబస్ అమెరికా దీవులకు చేరిన రోజైన అక్టోబరు 12న ఏటా మన పత్రికల్లో, ముఖ్యంగా పిల్లల పేజీల్లో, కొలంబస్ కథ దాదాపు ఒకే తీరులో కనిపిస్తోంది. భూమి బల్లపరుపుగా ఉందని లోకమంతా నమ్ముతున్న రోజుల్లో ఆయనొక్కడే గుండ్రంగా ఉందని వాదించి, పండితుల ఎగతాళిని లెక్కచేయక, ఆసియాకు చేరాలని పడమటికి ఓడలు నడిపాడన్నది ఆ కథ. 1828లో అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ ప్రచురించిన జీవితచరిత్ర వల్ల బాగా ప్రచారమైన కల్పన ఇది. భూమి గోళాకారమని యూరప్ పండితులకు అప్పటికే శతాబ్దాలుగా తెలుసు. వారి అభ్యంతరం దూరం గురించి, అందులో వారిదే సరైన లెక్క. ఆఫ్రికా వాయవ్య తీరం దగ్గరి కానరీ దీవుల నుంచి జపాన్‌కు ఉన్న దూరాన్ని కొలంబస్ అసలు దూరంలో నాలుగో వంతు కన్నా తక్కువగా అంచనా వేశాడు.

కొలంబస్ ప్రస్తావనే వద్దని నేను అనడం లేదు. ఆ కాలపు మనుషులు స్వయంగా రాసిపెట్టిన సాక్ష్యాలనూ పిల్లల ముందుంచాలని కోరుతున్నాను. కొలంబస్ తొలి ప్రయాణ దినచర్య అసలు ప్రతి పోయింది. నేడు మనకు దొరుకుతున్నది బార్తొలొమే దె లాస్ కాసాస్ రాసుకున్న సంగ్రహం. ఒకప్పుడు తానే మూలవాసులతో వెట్టి చేయించుకుని, 1514లో ఆ హక్కును వదులుకున్న ఈ మతగురువే, స్పెయిన్ వారు కొలంబస్ చేరిన కరీబియన్ దీవుల్లో సాగించిన హత్యాకాండను ఎండగడుతూ రాసిన గ్రంథాన్ని 1552లో అచ్చు వేయించాడు. దినచర్యను కాపాడిందీ, ఆ తర్వాత జరిగిన ఘోరాన్ని నమోదు చేసిందీ ఒకే చేయి అన్న సంగతి మన పిల్లలకు ఎందుకు చెప్పకూడదు?

అంతకన్నా ఆశ్చర్యకరమైనది స్పెయిన్ సాహసికుడు అల్వార్ నూన్యెజ్ కబేసా దె వాకా వృత్తాంతం. 1528లో ఫ్లోరిడాలో దిగి లోపలి ప్రాంతాలకు బయలుదేరిన సుమారు 300 మందిలో, 1536 నాటికి మెక్సికోలోని స్పానిష్ స్థావరాలకు చేరినవారు కబేసా దె వాకాతో కలిపి నలుగురే. జయించడానికి వెళ్లినవాడు ఒంటిమీద బట్ట లేకుండా, మూలవాసులు పెట్టిన తిండి తిని, వారి రోగులకు వైద్యం చేస్తూ ఖండాన్ని దాటాడు. చివరకు బానిసల కోసం వేటాడుతున్న తన దేశస్థులే ఎదురైనప్పుడు, వారూ ఇతడూ ఒకే జాతివారంటే ఆయన వెంట వచ్చిన మూలవాసులు నమ్మలేదట. ఇతడు జబ్బుపడినవారిని బాగుచేశాడు, వారు ఆరోగ్యంగా ఉన్నవారిని చంపుతున్నారు అన్నారట. 1542లో వెలువడిన తన గ్రంథంలో ఈ మాటలను ఆయనే దాచకుండా రాశాడు. ఆ నలుగురిలో ఒకడైన ఎస్తెబాన్ మొరాకో నుంచి తెచ్చిన బానిస. అంత ప్రయాణం చేసి బతికి వచ్చినా అతడికి స్వేచ్ఛ దక్కలేదు. 1539లో మళ్లీ ఉత్తరానికి మార్గదర్శిగా పంపితే అక్కడే హతుడయ్యాడు. అతడు రాసిన వృత్తాంతమేదీ మనకు లేదు.

సాహసికులు తమ గురించి తాము రాసుకున్నవన్నీ యథాతథంగా నమ్మదగినవని కాదు. మూలవాసి నాయకుడి కూతురు పొకహాంటస్ తన ప్రాణం కాపాడిందన్న ప్రసిద్ధ ఘట్టం, వర్జీనియాలో స్థిరపడ వెళ్లిన ఇంగ్లిష్ సాహసికుడు జాన్ స్మిత్ 1608 నాటి వృత్తాంతంలో లేదు. ఆమె మరణించిన ఏడేళ్లకు, అతడే రాసిన 1624 నాటి గ్రంథంలో ఉంది. అయితే రెండు కథనాలను పక్కపక్కన పెట్టి చదవడం ఉన్నత పాఠశాల పిల్లలకు మించిన పని కాదు.

వచ్చే అక్టోబరులో మీ పిల్లల పేజీలో లాస్ కాసాస్, కబేసా దె వాకా రచనల నుంచి చెరొక భాగాన్ని తెలుగులో ప్రచురించవలసిందిగా మనవి. రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తక రచయితలు కూడా ఈ విషయాన్ని పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం